వానిటీ కొనే ముందు బాత్రూమ్‌లో నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి

మా అమ్మ బాత్రూమ్ కడిగే తీరు ఒకటుంది. చీపురు, యాసిడ్ సీసా, ఆపైన నాలుగు బకెట్ల నీళ్లు. ఆ నీళ్లు గోడకి కొట్టి, మూలలన్నీ తిరిగి, నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు బయటికి పోయే కన్నం) దాకా పోవాలి. లేకపోతే ఆవిడ లెక్కలో కడిగినట్టే కాదు. కొత్త ఫ్లాట్‌లోకి మారినప్పుడు నేను ఈ సంగతి మర్చిపోయి, షాపులో తెల్లగా మెరిసిపోతున్న రెడీమేడ్ వానిటీ, అంటే కింద అల్మరా ఉన్న వాష్ బేసిన్, ఒకటి కొనేశాను. నేల మీద రెండంగుళాల కాళ్లతో నిలబడే రకం. ఒక్క వానాకాలం గడిచేసరికి దాని అడుగు చెక్క పూరీలా ఉబ్బింది. షట్టర్ మూసుకోవడం మానేసింది. హింజ్‌ని చేత్తో లాగితే స్క్రూలతో సహా ఊడొచ్చింది, వెంట పిడికెడు రంపపు పొట్టు. పైన అంటించిన తెల్ల పొర కింద ఉన్నది పార్టికల్ బోర్డ్ అని అప్పుడు తెలిసింది.

తప్పు అమ్మది కాదు, నాది. వాష్ బేసిన్, దాని కింద అల్మరా, పైన అద్దం కలిపి వానిటీ అంటున్నాం కదా, ఆ అలవాటు నేల తడవని బాత్రూమ్‌ల నుంచి వచ్చింది. అమెరికాలో మనవాళ్ల ఇళ్లకి వెళ్తే చూసే ఉంటారు. స్నానమంతా టబ్‌లోనో, అద్దాల గదిలోనో అయిపోతుంది. బయట నేల మీద మ్యాట్ వేసి ఉంటుంది, చాలా ఇళ్లలో ఆ నేలకి నీళ్లు పోయే కన్నమే ఉండదు. అక్కడ చెక్క అల్మరా నేల మీద ఆనించి పెట్టినా ఇరవై ఏళ్లు ఉంటుంది. మనం ఫోన్‌లో చూసి మురిసిపోయే ఫొటోలు ఎక్కువగా అలాంటి ఇళ్లవే. మన బాత్రూమ్‌లో నేలంతా తడుస్తుంది, కడుగుతాం కూడా. అందుకే రంగు, డిజైను తర్వాత చూద్దాం. ముందు నీళ్ల సంగతి.

1. సుద్దముక్కతో మొదలుపెట్టండి

ఇంట్లో అందరూ మామూలుగా స్నానాలు చేయనివ్వండి. చివరి మనిషి బయటికి రాగానే సుద్దముక్క తీసుకుని లోపలికి వెళ్లండి. బేసిన్ పెట్టాలనుకున్న గోడ మీద తడి ఎంత ఎత్తు వరకు ఉందో గీత పెట్టండి. నేల మీద నీళ్లు ఎక్కడ నిలిచాయో కూడా చూడండి. బాత్రూమ్ కడిగిన రోజు ఇదే పని మళ్లీ చేయండి.

గోడ మీద తడి గీత అడుగు లోపే ఉంటే గోడకి వేలాడే వానిటీ ఏదైనా పెట్టుకోవచ్చు. గీత మూడడుగుల దాకా ఉందంటే షవరో, బకెట్ స్థలమో బేసిన్‌కి మరీ దగ్గరగా ఉన్నట్టు. అప్పుడు దారులు రెండే. మధ్యలో గాజు పార్టిషన్ పెట్టించాలి, లేదా చెక్క అల్మరా ఆలోచనే మానుకోవాలి. నేల మీద నీళ్లు నిలుస్తున్నాయంటే వాలు సరిగ్గా లేదు. అది సరి చేయకుండా ఏ వానిటీ పెట్టినా దండగే.

మన ఇళ్లలో ఇంకో బేసిన్ ఉంటుంది, భోజనాల గది పక్కన చేతులు కడుక్కునేది. దాని మీద షవర్ నీళ్లు పడవు కాబట్టి మంచి ప్లైవుడ్ అల్మరా హాయిగా పెట్టుకోవచ్చు. చుట్టాలకి కనిపించేదీ అదే. ముచ్చట తీర్చుకోవాలంటే డబ్బు అక్కడ పెట్టండి.

2. టేపు తీయండి

వెడల్పు ఒక్కటే కొలిచి షాపుకి పరిగెత్తేవాళ్లే ఎక్కువ. కొలవాల్సినవి నాలుగు: గోడ వెడల్పు, వానిటీ గోడ నుంచి ముందుకి వచ్చే లోతు, దాని ముందు మనిషి నిలబడే చోటు, తలుపు తిరిగే చోటు.

మామూలు ఫ్లాట్‌లో 5 అడుగులకి 8 అడుగుల బాత్రూమ్ అనుకుందాం. అంటే అడ్డంగా 60 అంగుళాలు. 18 అంగుళాల లోతున్న వానిటీని పొడవాటి గోడకి పెడితే ఎదురుగా 42 అంగుళాలు మిగులుతాయి. బాగానే ఉంది. కానీ సరిగ్గా ఎదుటి గోడకే కమోడ్ ఉంటే అది దాదాపు 27 అంగుళాలు ముందుకి వస్తుంది. రెంటికీ మధ్య మిగిలేది 15 అంగుళాలు. వంగి ముఖం కడుక్కోవడానికి చాలదు. ముందు కనీసం 24 అంగుళాలు ఖాళీ ఉండాలి, 30 ఉంటే సుఖం. స్థలం లేనప్పుడు వెడల్పు కాదు, లోతు తగ్గించండి. 14, 16 అంగుళాల లోతులో కూడా సన్న బేసిన్లు దొరుకుతాయి.

తలుపు లోపలికి తెరుచుకుంటే నేల మీద అది తిరిగే విల్లు గీయండి. తర్వాత వానిటీ కొలతకి పాత న్యూస్‌పేపర్లు కత్తిరించి నేల మీద పరచండి. దాని షట్టర్ తెరిస్తే ఎక్కడిదాకా వస్తుందో ఇంకో కాగితం. రెండు రోజులు ఆ కాగితాల చుట్టూ తిరిగితే ఇరుకు ఎక్కడో మోకాలికే తెలుస్తుంది.

ఎత్తు విషయానికొస్తే, నేల నుంచి బేసిన్ అంచు దాకా 32 నుంచి 34 అంగుళాలు చాలామందికి సరిపోతుంది. మరీ ఎత్తయితే ముఖం కడిగేటప్పుడు నీళ్లు ముంజేతుల మీదుగా మోచేతికి కారి, చొక్కా తడుస్తుంది. మరీ కిందికి ఉంటే నడుం నొప్పి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బండ మీద గిన్నెలా కూర్చునే టేబుల్ టాప్ బేసిన్ ఎత్తే 5, 6 అంగుళాలు ఉంటుంది. రాయిని 33 అంగుళాల్లో వేయించి, దాని మీద ఆ బేసిన్ పెడితే అంచు 39కి చేరుతుంది. పెద్దవాళ్లు పైకెగిరి పళ్లు తోముకోవాలి. కాబట్టి బేసిన్ ముందు ఎంచుకోండి, దాని ఎత్తు తీసేసి రాయి ఎత్తు మేస్త్రీకి చెప్పండి.

3. గోడలో పైపులు ఎక్కడున్నాయి?

నా రెండో వానిటీకి కొలతలు తీస్తున్నప్పుడు ప్లంబర్ వచ్చి గోడ వంక చూసి, "సార్, డ్రాయర్ పెడతానంటున్నారు, మరి వేస్ట్ పైపు ఎట్ల పోవాలె?" అని అడిగాడు. నిజమే. సరిగ్గా డ్రాయర్ రావాల్సిన చోటే పైపు ఉంది.

బేసిన్ నుంచి మురికినీళ్లు బయటికి పోయే దారి రెండు రకాలు. గోడలోకి పోయేది ఒకటి, నేలలోని కన్నంలోకి దిగేది ఒకటి. పాత ఇళ్లలో ఎక్కువగా రెండోదే, మడతల ప్లాస్టిక్ పైపు బేసిన్ నుంచి కిందికి వేలాడి నహానీ ట్రాప్‌లో దిగుతుంది. ఇలాంటి చోట వేలాడే వానిటీ పెడితే అల్మరా అడుగు నుంచి ఆ పైపు బయటికి తోకలా కనిపిస్తుంది. దాన్ని దాచడం కోసం నేల టైల్స్ పగలగొట్టించి పైపు మార్పిస్తామంటారు కొందరు. అపార్ట్‌మెంట్‌లో ఆ పని చేయకండి. టైల్స్ కింద ఉన్న వాటర్‌ప్రూఫింగ్ ఒకసారి చిరిగితే కింది ఫ్లాట్ సీలింగ్‌కి చెమ్మ దిగుతుంది, ఆ తర్వాత లిఫ్ట్‌లో వాళ్ల ముఖం చూడలేరు. పైపు కనబడితే కనబడనివ్వండి, మంచి క్రోమ్ పైపు వేయించండి చాలు.

గోడలోకి నేరుగా పోయే పైపుకి బాటిల్ ట్రాప్ తప్పనిసరి. దానిలో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి, ఆ నీళ్లే డ్రైనేజీ వాసననీ బొద్దింకలనీ ఆపుతాయి. పైపు నహానీ ట్రాప్ నీళ్లలోకి దిగుతుంటే ఆ అడ్డు అక్కడే ఉంటుంది కాబట్టి మళ్లీ ఇంకొకటి అక్కర్లేదు, రెండూ పెడితే నీళ్లు నెమ్మదిగా పోతాయి. చేతులు కడిగే బేసిన్‌కి మాత్రం చేత్తో తిప్పి విప్పే బాటిల్ ట్రాపే అడగండి. అన్నం మెతుకులు, పోపు గింజలు, నూనె జిడ్డు దాంట్లో చేరుతుంటాయి.

యాంగిల్ కాక్‌లు (గోడ నుంచి కుళాయికి వచ్చే నీళ్లని కట్టేసే చిన్న వాల్వులు) రెండూ అల్మరా లోపలికి రావాలి, షట్టర్ తీయగానే చెయ్యి అందాలి. అర్ధరాత్రి కనెక్షన్ పైపు పగిలినప్పుడు డ్రాయర్లు ఊడదీస్తూ కూర్చోలేం. హైదరాబాద్ చుట్టుపక్కల మివాన్ పద్ధతిలో (ఇటుకలు లేకుండా అచ్చుల్లో కాంక్రీటు పోసి) కట్టిన కొత్త ఫ్లాట్లలో ఇంకో చిక్కు. గోడలన్నీ కాంక్రీటే, భవనం బరువు మోసేవే. వాటిని కోసి పైపు జరపడం కుదరదు. బిల్డర్ ఇచ్చిన పాయింట్లకి తగ్గట్టే వానిటీ ఎంచుకోవాలి.

4. వేలాడేదా, నిలబడేదా, కట్టించేదా

నేల మీద నిలబడే రకం గురించి నా అభిప్రాయం మొదటి పేరాలోనే చెప్పేశాను. తడవని గదిలో తప్ప వద్దు.

గోడకి వేలాడే రకం మన బాత్రూమ్‌కి తగినది. కింద 10, 12 అంగుళాలు ఖాళీ ఉంటే చీపురు దూరుతుంది, నేల ఆరుతుంది. కానీ బరువంతా గోడదే. లెక్క చూడండి: 36 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక ఒక్కటే 22, 23 కిలోలు తూగుతుంది. దానికి బేసిన్, అల్మరా, లోపలి డిటర్జెంట్ డబ్బాలు, పైన మోచేతులు ఆనించి అద్దంలో చూసుకునే మనిషి బరువు కలపండి. 9 అంగుళాల ఇటుక గోడ ఇదంతా మోస్తుంది. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడకి, తేలికపాటి ఏఏసీ బ్లాకు గోడకి స్క్రూ పట్టడానికి కన్నంలో దూర్చే మామూలు ప్లాస్టిక్ గట్టాలు చాలవు. ఆ బ్లాకుల కోసమే చేసిన యాంకర్లు వాడాలి. రాయి బరువు అల్మరా మీద పడకుండా విడిగా ఇనుప ఎల్-యాంగిళ్ల మీద ఆనించాలి. ఆ యాంగిళ్లకి తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టించడం మర్చిపోవద్దు.

మూడోది మన మేస్త్రీలు ఎప్పటినుంచో చేస్తున్నదే, ఎవరూ దాన్ని వానిటీ అనరు అంతే. రెండు పక్కలా కడప బండ ముక్కలు నిలువుగా నిలబెట్టి, పైన గ్రానైట్ పలక గోడలోకి కాస్త దూర్చి వేసి, ముందు షట్టర్లు బిగించడం. షట్టర్లు అల్యూమినియం ఫ్రేములోవి గానీ పీవీసీవి గానీ పెట్టిస్తే ఇక చెక్కతో పనే లేదు. నాలుగు బకెట్లు కాదు, నలభై పోసినా ఏమీ కాదు. చెదల భయమూ లేదు. సొంత ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకి, అద్దెకిచ్చే పోర్షన్లకి నేను ఇదే చెప్తాను. చూడ్డానికి సాదాగా ఉంటుందంటారు. మంచి రాయి, మంచి హ్యాండిల్ పెడితే ఆ మాట రాదు.

5. అల్మరా దేనితో చేశారు?

షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. "వాటర్‌ప్రూఫ్ సార్" అనేది జవాబు కాదు. బోర్డు పేరు చెప్పాలి, కోసిన అంచు చూపించాలి.

పార్టికల్ బోర్డ్ అంటే చెక్క పొట్టు, రేణువులు జిగురుతో నొక్కి చేసింది. అంచు చూస్తే నువ్వుల చిక్కీలా రేణువులు కనిపిస్తాయి. మామూలు ఎండీఎఫ్ (సన్నటి చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన బోర్డు) అంచు బిస్కెట్‌లా నున్నగా ఉంటుంది. రెండూ నీళ్లు తాగితే ఉబ్బుతాయి, ఆరాక మళ్లీ తగ్గవు. బాత్రూమ్‌లో వద్దు.

హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (చెమ్మని తట్టుకునేలా గట్టిగా నొక్కి చేసిన రకం) అనే బోర్డు ఈమధ్య బాగా వాడుతున్నారు. ఎండీఎఫ్ కంటే గట్టిది, చెమ్మని చాలావరకు తట్టుకుంటుంది. తట్టుకోవడం వేరు, నీళ్లలో నానడం వేరు. భోజనాల గది బేసిన్‌కి బాగుంటుంది.

ప్లైవుడ్ అయితే బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లని తట్టుకునే) గ్రేడ్, ఐఎస్ 710 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్నది తీసుకోండి. మరిగే నీళ్లలో 72 గంటలు ఉంచినా పొరలు విడిపోకూడదనేది ఆ ప్రమాణంలోని పరీక్ష. ముద్ర షీటు మీద కనిపించాలి. అందుకే కార్పెంటర్‌తో చేయించుకునేవాళ్లు షీట్లు కోయక ముందే వెళ్లి ముద్ర ఫొటో తీసుకోండి. ముక్కలయ్యాక, పైన సన్‌మైకా అంటించాక లోపల ఏముందో బ్రహ్మకి కూడా తెలియదు.

అంత మంచి ప్లైవుడ్ కూడా ఒకచోట ఓడిపోతుంది. పైపు కోసం వెనక చెక్కకి కన్నం చేస్తారు చూడండి, అక్కడ. చుట్టూ లామినేట్ (సన్‌మైకా లాంటి పొర) ఉంటుంది, అంచులకి బ్యాండింగ్ పట్టీ ఉంటుంది, ఆ కన్నం అంచు మాత్రం పచ్చిగా వదిలేస్తారు. పైపు మీద నుంచి జారిన చుక్క ముందు పడేది అక్కడే. నా పాత వానిటీలో నల్లబడడం మొదలైంది కూడా ఆ గుండ్రటి అంచు నుంచే. బిగించే ముందు ఆ అంచుకి రెండు కోటింగులు ఎనామిల్ పెయింట్ కొట్టించి, ఆరాక సిలికాన్ పూయించండి. పావుగంట పని. అడుగు చెక్క కింది వైపు కూడా లామినేట్ ఉందో లేదో చెయ్యి పెట్టి తడిమి చూడండి. కనబడదు కదా అని అక్కడ ఎగ్గొడతారు.

పీవీసీ (ప్లాస్టిక్), డబ్ల్యూపీసీ (చెక్క పొడి కలిపిన ప్లాస్టిక్) బోర్డులు నీళ్లకి కుళ్లవు, చెద పట్టదు. తడి ఎక్కువగా ఉండే బాత్రూమ్‌కి ఇవే మేలు. వీటి లోపం స్క్రూ పట్టు. పదేపదే తెరిచే షట్టర్ హింజ్ దగ్గర స్క్రూ వదులవుతుంది. పొడవాటి అర (షెల్ఫ్) బరువుకి కుంగుతుంది. కాబట్టి షట్టర్ చిన్నదిగా, అర పొడవు రెండడుగుల లోపు ఉండేలా చేయించండి.

హింజ్‌లు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్ 304 గ్రేడ్‌వి అడగండి. అయినా సరే, బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసాని ఆ అల్మరాలో పెట్టకండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. మూత గట్టిగా బిగించినా దాని ఆవిరి సన్నగా వస్తూనే ఉంటుంది, మూసిన అల్మరాలో అది స్టీల్‌నీ క్రోమ్‌నీ కూడా తినేస్తుంది. మా ఇంట్లో ఆ సీసా ఇప్పుడు యుటిలిటీ బాల్కనీలో ఉంటోంది. అమ్మతో ఈ ఒక్క ఒప్పందం మాత్రం కుదిరింది.

6. రాయి, బేసిన్

గ్రానైట్ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేముంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ దేశాలు దాటి వెళ్తున్నాయి. నిమ్మకాయ పడినా, షాంపూ ఒలికినా వాటికి ఏమీ కాదు. ఒక చిక్కు మాత్రం ఉంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. చుక్క ఆరిపోయిన చోట తెల్ల మచ్చ మిగులుతుంది, నల్లటి నున్నటి రాయి మీద అది పొద్దున్నే ముగ్గు పెట్టినట్టు కనిపిస్తుంది. బోరు నీళ్ల ఇంటికి మచ్చల గోధుమరంగు, బూడిదరంగు రాళ్లు నయం. నల్ల మ్యాట్ కుళాయిలకీ ఇదే మాట. లేత రంగు రాళ్లకి ఇంకో గండం, తలంటు నూనె, పసుపు, జుట్టు రంగు పీల్చుకుంటాయి. వేయించాక సీలర్ పూయించండి. పాలరాయి వద్దనే చెప్తాను. యాసిడ్ చుక్క పడితే చాలు, మెరుపు పోయి గరుకు మచ్చ పడుతుంది.

రాయి కోయించేటప్పుడు అడగాల్సిన పని ఒకటుంది, చాలామంది అడగరు. పలక షట్టర్ కంటే అంగుళం ముందుకి రావాలి. ఆ ముందుకి వచ్చిన భాగం కింద, అంచుకి అర అంగుళం లోపల, పొడవునా సన్నటి గాడి తీయమనండి. గాడి లేకపోతే అంచు మీద నుంచి కారే నీళ్లు రాయి అడుగునే అంటుకుని వెనక్కి పాకి షట్టర్ పైఅంచులోకి దిగుతాయి. గాడి ఉంటే చుక్క అక్కడ ఆగి నేల మీద పడుతుంది. కిటికీ సన్‌షేడ్ కింద మేస్త్రీలు తీసే గాడి పని చేసేది కూడా ఇలాగే. వెనక గోడ వైపు నాలుగంగుళాల రాతి పట్టీ కూడా పెట్టించండి.

బేసిన్లలో మూడు రకాలు. టేబుల్ టాప్ అందంగా ఉంటుంది, కానీ దాని అడుగున రాయిని తాకే చోట సబ్బు మడ్డి చేరి నల్లటి గీత కడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో వారం వారం తోమాలి. అంచు రాయి మీద కూర్చునే కౌంటర్ బేసిన్ మధ్యస్తం. రాయి కింద బిగించే అండర్ కౌంటర్ తుడవడానికి అన్నిటికంటే సులువు, ఒక్క గుడ్డతో నీళ్లన్నీ లోపలికి నెట్టేయొచ్చు. అయితే దాన్ని సిలికాన్ మీదే వేలాడదీయకుండా కింద బ్రాకెట్లు పెట్టాలి, రాయి లోపలి అంచు పాలిష్ చేయించాలి. నాకు అండర్ కౌంటరే ఇష్టం. అద్దపు గాజు బేసిన్ జోలికి బోరు నీళ్లున్నవాళ్లు వెళ్లొద్దు.

బేసిన్‌తో పాటు కొనే వేస్ట్ కప్లింగ్ (బేసిన్ అడుగు కన్నంలో బిగించి, కింది పైపుకి కలిపే ముక్క) చిన్న వస్తువే, లీకులు మాత్రం ఎక్కువగా దానివల్లే. బేసిన్ గోడకి పైన ఓవర్‌ఫ్లో కన్నం ఉంటే, పక్కన చీలిక ఉండే హాఫ్ థ్రెడ్ కప్లింగ్ కావాలి. కన్నం లేని బేసిన్‌కి ఫుల్ థ్రెడ్ కావాలి. తారుమారైతే ఆ చీలికలోంచి నీళ్లు కారి అల్మరాలో పడుతుంటాయి, ప్లంబర్ మాత్రం ఎం-సీల్ మీద ఎం-సీల్ పూస్తుంటాడు.

7. కుళాయి

కుళాయి మూతి నుంచి పడే ధార కప్లింగ్ దగ్గరలో పడాలి. బేసిన్ వాలు గోడ మీద పడితే చింది పొట్ట తడుస్తుంది. షాపులో బేసిన్, కుళాయి పక్కపక్కన పెట్టించి స్కేలుతో చూసుకోండి. టేబుల్ టాప్‌కి పొడవు బాడీ కుళాయే కావాలి.

మీ ఇంట్లో నీళ్ల ప్రెషర్ ఎంతో కూడా లెక్కేయండి. ట్యాంకు నీటిమట్టానికీ కుళాయికీ మధ్య 10 మీటర్ల ఎత్తుంటే దాదాపు 1 బార్ ప్రెషర్ వస్తుంది. డాబా మీద ట్యాంకు, దాని కిందే పై అంతస్తు బాత్రూమ్ అయితే మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లే, అంటే 0.2, 0.3 బార్. జలపాతంలా పడే వెడల్పు మూతి కుళాయిలు అక్కడ పెడితే జలపాతం కాదు, ముక్కు కారినట్టు కారుతుంది. పెట్టె మీద కనీస ప్రెషర్ రాసి ఉంటుంది, చూసి తీసుకోండి. లేదంటే ప్రెషర్ పంపు పెట్టుకోవాలి.

బాడీ ఇత్తడిదై ఉండాలి, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. మూతిలోని జల్లెడ చేత్తో ఊడొచ్చే రకం కావాలి. బోరు నీళ్లకి అది మూడు నెలలకోసారి పూడుకుంటుంది. నిమ్మరసంలో రాత్రంతా నానబెడితే ఉప్పు కరిగిపోతుంది.

8. లోపల, పైన

బేసిన్ కింద షట్టర్లు, పక్కన చోటుంటే డ్రాయర్లు. డ్రాయర్ మధ్యలో పైపు కోసం యూ ఆకారంలో కోసిన రకాలు చూడ్డానికి బాగుంటాయి, సామాను పట్టేది తక్కువ. షట్టర్‌కి గాలి ఆడే సన్న జాలీయో, కింద వేలు దూరే సందో ఉంచండి. లేకపోతే ముక్కిపోయిన వాసన వస్తుంది.

అద్దం అడుగు రాతి పట్టీకి ఆనకుండా ఒక నాలుగు మిల్లీమీటర్లు పైకి ఉండాలి. నీళ్లు కింది అంచుని తాకితే వెనక పూత నల్లబడుతూ పైకి పాకుతుంది. ఇంట్లో అందరికంటే పొట్టివాళ్లని, పొడుగువాళ్లని నిలబెట్టి ఎత్తు చూడండి. అద్దం లైటు నెత్తి మీద కంటే రెండు పక్కలా ఉంటే గడ్డం గీసుకునేటప్పుడు నీడ పడదు. ప్లగ్ పాయింటు బేసిన్‌కి దూరంగా, మూత ఉన్నది పెట్టించి, ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టే పరిస్థితి వస్తే కరెంటు ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

వాస్తు చూసేవాళ్లు అద్దం తూర్పు గోడకో ఉత్తరం గోడకో ఉండాలంటారు. ఇంట్లో పెద్దవాళ్లకి పట్టింపు ఉంటే పైపుల పని మొదలవక ముందే అడిగేయండి. అన్నీ బిగించాక తెలిస్తే మీకే టెన్షన్.

9. కొటేషన్

షోరూమ్‌లో సెట్టు ధర అని ఒక అంకె చెప్తారు. విడివిడిగా రాయించుకోండి: అల్మరా, రాయి, బేసిన్, కుళాయి, వేస్ట్ కప్లింగ్, బాటిల్ ట్రాప్, యాంగిల్ కాక్‌లు, కనెక్షన్ పైపులు, అద్దం, రవాణా, బిగింపు, జీఎస్టీ. చాలాసార్లు చెప్పిన ధరలో కుళాయీ ట్రాపూ ఉండవు. బోర్డు పేరు, గ్రేడు బిల్లు మీద రాయించుకోండి. వారంటీ కాగితంలో "నీటి వల్ల కలిగే నష్టం వర్తించదు" అని ఉంటే, బాత్రూమ్ వస్తువుకి ఆ వారంటీ దేనికో అక్కడే నిలబడి అడగండి.

బడ్జెట్ తక్కువైతే కోత ఎక్కడ పెట్టాలి? అద్దంలో, హ్యాండిళ్లలో, బేసిన్ ఆకారంలో. అవి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బోర్డు, హింజ్, యాంగిల్ కాక్, ట్రాప్ దగ్గర పిసినారితనం వద్దు.

10. బిగించే రోజు

ఆ రోజు సెలవు పెట్టండి. డ్రిల్లింగ్‌కి ముందు గోడలో నీళ్ల పైపులు, గీజర్ వైరు ఎటు పోతున్నాయో చూపించండి. టైల్స్ వేసే ముందు తీసిన ఫొటోలుంటే ఇప్పుడు పనికొస్తాయి. రాయికీ గోడకీ మధ్య, బేసిన్‌కీ రాయికీ మధ్య బూజు పట్టని రకం సిలికాన్ వేయించి, 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి.

ప్లంబర్‌కి డబ్బులిచ్చే ముందు చివరి పరీక్ష. సిలికాన్ ఆరిన మర్నాడే చేయాలి కాబట్టి ఆ రోజుకి రమ్మని ముందే చెప్పి, కొంత డబ్బు ఆపండి. బేసిన్ మూత వేసి నిండా నీళ్లు పట్టండి. అల్మరా లోపల ప్రతి జాయింటు కింద పొడి టిష్యూ కాగితం పరిచి, ఒక్కసారిగా మూత తీయండి. కొద్దికొద్దిగా వదిలితే కనబడని లీకు నిండు బేసిన్ ఒక్కసారి ఖాళీ అయినప్పుడు బయటపడుతుంది. కాగితం మీద చుక్క మచ్చ కూడా ఉండకూడదు. తర్వాత యాంగిల్ కాక్‌లు రెండూ పూర్తిగా మూసి, తెరిచి చూడండి. ఆఖరున తలుపు బార్లా తీసి, బాత్రూమ్ కడగమని అమ్మని పిలవండి.